బల్బు వెలిగిందని ఎర్తింగును నమ్మకండి

ఎండలు ముదిరాయి. కూలర్లు, మోటార్లు రేయింబవళ్లు తిరిగేదీ ఇప్పుడే, భూమిలో తడి అడుగంటేదీ ఇప్పుడే. కూలర్ రేకు జివ్వుమంటుంటే "కొంచెం కొడుతోందిలే" అని చెప్పులేసుకుని వాడుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ పని ఈరోజే మానండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎర్తింగు కోసం గోతిలో పైపు పాతేశాం కదా అని ధీమాగా ఉంటాం. కరెంటును మోయాల్సింది ఆ పైపు చుట్టూ ఉన్న మట్టి. మట్టిలో తడి, ఆ తడిలో కరిగిన లవణాలు ఉంటేనే అది కరెంటును పోనిస్తుంది. తడి బంకమట్టికీ ఎండిన ఇసుకకీ ఈ విషయంలో వందల రెట్లు తేడా ఉండొచ్చు. నల్లరేగడి వానాకాలంలో మంచి నేలే. ఎండితే నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది, మధ్యలో గాలి మిగులుతుంది. ఎర్ర చెల్కల్లో తడి నిలవదు. తీరంలోని చవుడు నేలలో కరెంటు బాగానే పారుతుంది గానీ, ఆ ఉప్పే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపునీ క్లాంపునీ తినేస్తుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల రాతినేలలది మరో కథ. కొన్ని అడుగులు తవ్వగానే బండ తగులుతుంది. మిగిలిన పైపు కోసేసి, పైన సిమెంటు మూత పెట్టి డబ్బులు తీసుకుపోయేవాళ్లకు కొదవ లేదు. మూత కింద ఏముందో ఇంటివాళ్లకు తెలియదు. పైపు కనీసం రెండున్నర మీటర్లుండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 చెబుతోంది. బండ అడ్డొస్తే కాస్త ఏటవాలుగా దించవచ్చు, కోయకూడదు.

ఎర్తు తీగ న్యూట్రల్‌తో కలవని ఒక ఇంటి లెక్క చూడండి. ఇంటి ఎర్తింగు నిరోధం 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరిది 5 ఓములు అనుకుందాం. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలితే 230 వోల్టులకు మట్టిగుండా పారేది సుమారు 9 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చికి అదొక మామూలు లోడు, కాబట్టి పడిపోదు. ఫ్రిజ్ తలుపు మీద మాత్రం 180 వోల్టుల పైచిలుకు అలాగే ఉంటుంది.

ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి "చూశారా, ఎలా వెలుగుతోందో" అనడం మన దగ్గర పెద్ద పరీక్ష. 60 వాట్ల బల్బు తీసుకునేది పావు ఆంపియరు. ఎర్తింగు 100 ఓములున్నా అది బాగానే వెలుగుతుంది. పైగా ఎర్తు తీగ గొయ్యి దగ్గర తెగి ఉంటే, ఆ పరీక్షే ఆ తీగకు కలిపిన ఇనుప వస్తువులన్నిటికీ కరెంటు ఎక్కిస్తుంది. ఎర్తింగు నిరోధాన్ని ఎర్త్ మెగ్గర్ అనే పరికరంతో కొలిపించండి, అదీ ఏప్రిల్, మే నెలల్లో. ఆగస్టులో కొలిచిన అంకె వేసవికి పనికిరాదు. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్తింగును కొలవాల్సిందీ ఈ ఎండల్లోనే.

పొలంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. స్టార్టర్ డబ్బా ఎర్తు పైపు గట్టు మీద ఎండిన మట్టిలో ఉంటుంది, రైతు వట్టికాళ్లతో తడి మడిలో నిలబడి డబ్బా మీద చెయ్యి వేస్తాడు. పైపుతో పాటు ఆ మనిషి ఒళ్లు కూడా కరెంటుకు దారి కావచ్చు.

ఎర్తు గోతిలో నింపే ఉప్పు, బొగ్గు మీద కూడా భరోసా పెట్టుకోకండి. వానలకు ఉప్పు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును కొరుకుతుంది. బెంటొనైట్ మట్టి నింపితే తడి ఎక్కువకాలం నిలుస్తుంది. ఒక పైపు చాలకపోతే, దాని పొడవుకు రెట్టింపు దూరంలో ఇంకొకటి దించి రెండూ కలపాలి. ఇవన్నీ చేసినా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించుకోవాల్సిందే. ఎంసీబీ గుర్తించని చిన్న లీకేజీకి కూడా అది కట్ అవుతుంది.

షాక్ కొడుతోందని బిందె పట్టుకుని ఎర్తు గొయ్యి తడపడానికి పరుగెత్తకండి. ఆ క్షణంలో గొయ్యి చుట్టూ నేలలోనే కరెంటు ఉండొచ్చు. ముందు మెయిన్ ఆపాలి, నీళ్లు ఆ తర్వాతే.