ఫోటోగ్రాఫర్‌కీ బట్టలు పెట్టండి

పెళ్ళిలో ఫోటోలు తీసేవాళ్ళు ఏ బట్టలు వేసుకోవాలన్నది కూడా ఒక విషయమేనా అని మా ఇంట్లో మగవాళ్ళు నవ్వారు. విషయమేనండీ. పీటల మీద పెళ్ళికూతురికి కన్నతల్లి కన్నా దగ్గరగా తిరిగే మనిషి అతను. పందిట్లో కూర్చున్న మనందరం వధూవరుల ముఖాల కన్నా ఎక్కువసేపు చూసేది అతని వీపునే. అలాంటప్పుడు ఆ వీపు మీద ఏముందో అడిగే హక్కు మనకుంది.

మా పొదిలి వైపు మిరప కోతలు అయిపోయి, పొగాకు వేలం డబ్బులు చేతిలో పడే రోజుల్లో పెళ్ళిళ్ళు ఎక్కువ. అంటే మంచి ఎండల్లో. ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ విషయంలో జనం రెండు జట్లుగా కనిపిస్తున్నారు. ఒక జట్టుకి ఏదీ పట్టదు. కెమెరా మంచిదా, డ్రోన్ ఉందా, ఆల్బమ్ ఎన్ని షీట్లు, అంతే. రెండో జట్టు వాళ్ళు ఈవెంట్ వాళ్ళని పెట్టుకుని, ఫోటోలు తీసే కుర్రాళ్ళందరికీ నల్లకోటు, నల్లప్యాంటు, నల్లబూట్లు తొడిగించి నిలబెడతారు. నాకు ఈ రెండూ నచ్చవు. ఎందుకో చెప్తాను.

ముందు టీషర్టు సంగతి. స్టూడియో పేరు, కింద పది అంకెల ఫోన్ నంబరు, రెండూ ముదురు పసుపు రంగులో. మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం పెట్టే ఫోటో ఒక్కటంటే ఒక్కటే సరిగ్గా పడింది. అందులో ఎడమపక్క సగం వీడియో తీసే అబ్బాయి వీపు. నంబరు కూడా చక్కగా చదువుకోవచ్చు. ఆ పిల్ల రేపు తన పిల్లలకి ఆ ఫోటో చూపిస్తూ ఆ పది అంకెల గురించి ఏం చెప్పాలి? షామియానా వాళ్ళు కుర్చీల వెనక పేరు రాసుకుంటారు, వంటవాళ్ళు గిన్నెల మీద రాసుకుంటారు, నిజమే. కానీ కుర్చీ వచ్చి తాళి కట్టేటప్పుడు అడ్డం నిలబడదు కదా!

ఇంకోటి, రాయడానికి కొంచెం మొహమాటంగా ఉంది కానీ మనం ఆడవాళ్ళమే కాబట్టి రాస్తున్నాను. ముందు వరసలో కూర్చునేది మనమూ, ముసలివాళ్ళూ, చిన్నపిల్లలూ. ఆ అబ్బాయి కింద నుంచి షాట్ తీయడానికి గొంతుక్కూర్చుంటాడు. పొట్టి టీషర్టు పైకి పోతుంది, జీన్స్ కిందకి దిగుతుంది. తాళిబొట్టు చూడటానికి అక్షింతలు పట్టుకుని మెడ చాచిన పెద్దమ్మ తల తిప్పుకోవాల్సి వస్తుంది. ఇది ఆ పిల్లాడి తప్పని నేను అనను. వంగి, పాకి, కుర్చీలెక్కి చేసే పని అతనిది. అలాంటి పనికి పొడవుగా ఉండి టక్ చేసుకునే చొక్కా, సాగే ప్యాంటు కావాలి. పొలంలో మందు కొట్టడానికి వెళ్ళేవాడు నిండు చేతుల చొక్కా వేసుకుంటాడా లేదా? ఏ పనికి తగ్గ బట్ట ఆ పనికి ఉంటుంది.

ఈ ప్రింటు టీషర్టుల్లో చాలావరకు పాలిస్టర్. నూలు నిప్పు తగిలితే కాలుతుంది. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంటింట్లో నైలెక్స్ చీరలు వద్దని మన అమ్మలు మొత్తుకున్నది ఇందుకే. హోమగుండానికి జానెడు దూరంలో కూర్చుని లాజహోమం ఫోటోలు తీసే అబ్బాయికి మాత్రం ఆ మాట ఎవరూ చెప్పరు.

ఇక నల్లకోటు. ఇది ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం చేసుకుంటే దాని గొప్ప దిగిపోతుంది. బయటి దేశాల్లో పెళ్ళికి మగవాళ్ళు ముదురు రంగు సూట్లు వేసుకుంటారు. ఫోటో తీసేవాడు నల్లబట్టల్లో ఉంటే వాళ్ళలో కలిసిపోతాడు, ఎవరి కంటా పడడు. నాటకాల్లో తెర వెనక పనివాళ్ళు నలుపు వేసుకునేది కూడా అందుకే. జపాన్ కబుకీ నాటకాల్లో అయితే పనివాళ్ళు ముఖంతో సహా నల్లగుడ్డ కప్పుకుని అందరి ఎదుటే స్టేజీ మీద తిరుగుతారు. వాళ్ళు లేనట్టే అనుకోవాలని ప్రేక్షకులకి అలవాటు. మరి మన పందిరి? పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, బంగారం, తెల్లటి పంచెలు. అందులో నలుగురు నల్లకోట్ల వాళ్ళు నిలబడితే కలిసిపోతారా? పెరుగన్నంలో మిరియాల్లా కనిపిస్తారు. కనబడకుండా ఉండటానికి పుట్టిన రంగుని తెచ్చి, కనబడటానికి వాడుతున్నాం.

పైగా ముహూర్తం వేళ నలుపు అంటే మన పెద్దవాళ్ళకి గుచ్చుకుంటుంది. "మెడలో నల్లపూసలు వేసుకుని నలుపు అశుభం అంటారేంటత్తయ్యా" అని మా కోడలు నన్ను నిలదీసింది. అయ్యప్ప మాలలో నలుపు కట్టేవాళ్ళు కూడా మన ఇళ్ళల్లోనే ఉన్నారు, ఒప్పుకుంటాను. నలుపు మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పడం లేదు. పీటల మీద పిల్లని చూసుకుంటూ కూర్చున్న మామ్మకి ఆ పూట మనసు చివుక్కుమనకూడదు, నా బాధ అంతవరకే. అదే చర్చిలో పెళ్ళి అయితే పెళ్ళికొడుకే నల్లసూట్‌లో ఉంటాడు కాబట్టి ఫోటోగ్రాఫరు నలుపు వేసుకుంటే అందంగానే ఉంటుంది. నిఖాలో తెల్ల పైజామా లాల్చీల మధ్య లేతరంగు చొక్కా ఇమిడిపోతుంది. పెద్దకర్మకి కూడా ఇప్పుడు వీడియో తీయిస్తున్నారు. అక్కడికి ఎర్ర టీషర్టుతో వచ్చిన అబ్బాయిని చూసి, పోయినాయన చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుపు మధ్యలోనే విసుక్కుంది. వచ్చినవాళ్ళలో కలిసిపోయే బట్టలు. అన్ని చోట్లా సూత్రం ఒకటే, రంగే మారుతుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఎండ. మే నెలలో మా దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు. ఏసీ లేని కళ్యాణ మండపంలో, వీడియో లైట్ల కింద, భుజాన బరువు వేసుకుని, ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా నిలబడే పిల్లాడికి కోటు తొడిగించడం దర్జా ఎలా అవుతుందండీ? పెళ్ళికొడుకే కోటు రిసెప్షన్ గంటసేపు వేసుకుని విసిరేస్తాడు. కోటు తొడిగించిన పెద్దలు ఆ పిల్లాడు అన్నం తిన్నాడా అని అడిగిన పాపాన పోరు. ఆఖరి బంతి లేచాక అడుగున మిగిలిన పులిహోర పెడతారు.

బట్టల రంగుకీ ఫోటోకీ సంబంధం ఉందని ఈ ప్యాకేజీలు మాట్లాడేవాళ్ళు ఎవరూ మనకి చెప్పరు. ఎర్ర బకెట్‌లో నీళ్ళు ఎర్రగా కనబడతాయి కదా, దగ్గర నిలబడ్డవాడి చొక్కా రంగు కూడా వెలుతురు పడితే పక్కవాళ్ళ ముఖం మీదకి కొట్టుకొస్తుంది. చిలకాకుపచ్చ టీషర్టు వేసుకున్నవాడు పెళ్ళికూతురికి మూరెడు దూరంలో నిలబడితే, వేలు పోసి చేయించిన మేకప్ మీద ఆ పచ్చదనం పడుతుంది. బూడిద రంగు, లేత గోధుమ రంగు, గంధం రంగు అయితే ఈ గొడవ ఉండదు. కాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. తలంబ్రాల బియ్యం తొక్కుతూ బూట్లతో పీటల చుట్టూ తిరగడం ఎవరి ఇంట్లోనూ ఒప్పుకోరు. లేసుల బూట్లయితే విప్పే తీరిక ఉండదు, అందుకే విప్పరు. చెప్పులతో రమ్మంటే మెట్టు దగ్గర వదిలి ఎక్కుతారు.

బట్టలు ఎంత మర్యాదగా ఉన్నా తీరని సంగతి ఒకటుంది. మంగళస్నానం దగ్గర, చీర పిన్నులు పెట్టే గదిలో మగ ఫోటోగ్రాఫరుకి ఏం పని? హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1892లోనే ఆడవాళ్ళ కోసం జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషావిడ చేతిలో పెట్టారు. ఆయనకి ఆనాడే తట్టింది, కెమెరా ఎంత మంచిదైనా వెనక ఉన్న మనిషిని బట్టే ఆడవాళ్ళు దాని ముందు కుదురుగా కూర్చుంటారని. ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఈ పనిలోకి వస్తున్నారు, అడిగితే దొరుకుతారు. దొరికిన పిల్లని మాత్రం పట్టుచీర కట్టుకుని రమ్మని షరతు పెట్టకండి. కుచ్చిళ్ళు ఒక చేత్తో, కెమెరా ఒక చేత్తో పట్టుకుని ఆ పిల్ల కుర్చీ ఎలా ఎక్కుతుంది? చున్నీ పిన్ను పెట్టుకున్న చుడీదార్ చాలు.

ఇదంతా చెబితే, "స్టూడియోవాళ్ళకి చెప్పు, మాకెందుకు" అంటారు. నేను చెప్పేది మనకే. మన పెళ్ళిళ్ళలో పురోహితుడికి పంచెల చాపు పెడతాం. సన్నాయి మేళం వాళ్ళకి పెడతాం. ఇంట్లో పనిచేసే ఆవిడకి చీర పెడతాం. పెళ్ళి పని చేసే ప్రతి చేతికీ బట్ట పెట్టడం మన ఆచారం. ఫోటోగ్రాఫరు ఈ వరసలోకి ఆలస్యంగా వచ్చాడు కాబట్టి మన అమ్మమ్మల లెక్కలో లేడు. మన లెక్కలోకి ఎందుకు రాకూడదు? చీరాల నూలు గుడ్డ, చిన్న పన్నా అయితే నిండు చేతుల చొక్కాకి 2.25 మీటర్లు పడుతుంది. ముగ్గురు మనుషులొస్తే ముగ్గురికీ ఒకటే రంగు. కుట్టుకూలితో సహా కలిపినా డ్రోన్‌కి పోసేదానిలో ఏ మూలకీ రాదు. పెట్టేది పెళ్ళయ్యాక పళ్ళెంలో కాదు, అడ్వాన్స్ ఇచ్చే రోజే, కుట్టించుకోవడానికి వ్యవధి ఉండేట్టు. "అబ్బాయ్, ఇది వేసుకునే రా, వీపు మీద ఏమీ వేయించకు, భోజనం మొదటి బంతిలోనే" అని ఆ ఇంటి ఆడవాళ్ళే చెప్పాలి. తన పేరు నలుగురికీ తెలియాలి కదా అంటాడేమో, ఆల్బమ్ చివరి అట్ట మీద నంబరు వేసుకోమనండి.

మా మరిది కొడుకు పెళ్ళి వైశాఖంలో. గంధం రంగు గుడ్డ తెప్పించి బీరువాలో పెట్టాను. స్టూడియో ఏదన్నది ఇంకా తేలలేదు.