చూడని గదికి టోకెన్ కట్టొద్దు, మన పిల్లలకి గది మనమే చూసిపెడదాం



పోస్టు కాస్త పొడుగే. కోచింగ్‌కో, పీజీకో, ఉద్యోగానికో ఈ ఏడాది విశాఖ దిగబోయేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. వీలైతే ఇంట్లో అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి.

నా మాట ముందే చెప్పేస్తాను. అద్దె గది పేరుతో ఫోన్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చూసి "అమాయకులు" అని నవ్వేవాళ్లు మనలోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. దూరం, తొందర, పట్నంలో మనకి గది దొరకని కష్టం, ఈ మూడూ కలిసిన చోట మోసగాడు కాపు కాస్తున్నాడు. అందుకని "జాగ్రత్త తమ్ముడూ" అని కామెంట్ పెట్టి ఊరుకుంటే చాలదు. విశాఖలో ఇప్పటికే ఉంటున్న మనం వెళ్లి గది చూసిపెట్టాలి.

మనవాళ్లంతా ద్వారకా నగర్ అనే ఎందుకు అడుగుతారో తెలిసిందే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగితే బ్యాగు భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు. కోచింగ్ సెంటర్లు అక్కడే, పబ్లిక్ లైబ్రరీ అక్కడే, జిరాక్స్ షాపులు, మెస్‌లు అన్నీ నడక దూరంలోనే. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం మనకే ఇచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ తర్వాత మన పిల్లలకి కోచింగ్ అవసరం ఇంకా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో పరీక్షలు మొదలైపోయాయి. అంత తక్కువ టైములో ఫీజు సర్దుకోవాలి, సర్టిఫికెట్లు చూసుకోవాలి, గదీ వెతుక్కోవాలి. ఆ తొందరే మోసగాడికి పెట్టుబడి.

"ఒకసారి వచ్చి చూసుకోవచ్చు కదా" అనడం తేలిక. పాడేరు నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు. ముంచంగిపుట్టు, పెదబయలు, జీకే వీధి లోపలి ఊళ్ల నుంచైతే మండల కేంద్రానికి రావడానికే పూట పడుతుంది. రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలి, ఆ రాత్రి పడుకోవడానికి చోటు, ఇవన్నీ కలిస్తే చిన్న ఖర్చు కాదు. అందుకే సిగ్నల్ దొరికే గట్టెక్కి ఫోన్లో వెతుకుతారు. అది తప్పు కాదు. ఫోన్లో వెతకండి, ఫోన్లో మాట్లాడండి. డబ్బు మాత్రం ఫోన్లో చూసిన గదికి పంపొద్దు.

ఈ మోసం దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. ఫేస్‌బుక్‌లోనో, పాత సామాన్లు అమ్మే యాప్‌లోనో ఒక ప్రకటన ఉంటుంది. కాంప్లెక్స్ దగ్గర, టైల్స్ వేసిన గది, అటాచ్డ్ బాత్రూమ్, అద్దె మాత్రం ఆ వీధిలో ఉన్నదాంట్లో సగం. ఫోన్ చేస్తే ఓనర్ ఊళ్లో ఉండడు. నేవీలోనో, ఆర్మీలోనో, సీఐఎస్ఎఫ్‌లోనో చేస్తున్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని చెప్తాడు. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు వాట్సాప్‌లో పెడతాడు. దేశమంతా వాడుతున్న ఎత్తు ఇది. తూర్పు నౌకాదళం, స్టీల్ ప్లాంట్ ఉన్న విశాఖలో ఇంకా సులువుగా అతుకుతుంది, ఎందుకంటే ఇక్కడ అలాంటి ఉద్యోగాలు చేసేవాళ్లు వీధికి ఒకరుంటారు. తర్వాత "అపార్ట్‌మెంట్ గేట్ పాస్‌కి 500 కట్టండి, తిరిగి వచ్చేస్తుంది" అంటాడు. అది కట్టాక టోకెన్ 2,000. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రం లోపు పంపకపోతే వాళ్లకి ఇచ్చేస్తా" అంటాడు. ఆ తర్వాత అడ్వాన్స్. కొందరైతే "మీ డబ్బు వెనక్కి వేస్తున్నా, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతా నుంచి డబ్బు పోతున్నట్టే.

ఇక్కడ మనం బయట పెద్దగా మాట్లాడుకోని సంగతి ఒకటుంది. టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే మొదట వచ్చే ప్రశ్నలు ఏంటో మనకి తెలుసు. ఏ ఊరు? ఏమిట్లు? నాన్‌వెజ్ తింటారా? "ఏజెన్సీ" అనగానే మొహం మారిపోయి, "నిన్ననే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ" అనే జవాబు. అందరూ అలా ఉంటారని అనను. సొంత పిల్లల్లా చూసుకునే ఓనర్లూ ఉన్నారు. కానీ నాలుగు గేట్ల దగ్గర అలా జరిగాక, ఫోన్లో ఒకడు తియ్యగా "బ్యాచిలర్స్ అయినా పర్వాలేదమ్మా, ఎవరైనా నాకు ఒకటే" అంటే ప్రాణం లేచొస్తుంది. కులం అడగలేదు కాబట్టి మంచివాడు అనుకుంటాం. మోసగాడికి మన కులంతో పనేముంది, మన పిన్‌తో కదా పని! ఈ అవమానం గురించి మాట్లాడకుండా ఉత్త సైబర్ జాగ్రత్తలు చెప్తే సగం మాటే చెప్పినట్టు.

సరే, ఏం చూసుకోవాలి?

ఒకటి, లైవ్ వీడియో కాల్ అడగండి. పంపిన వీడియో కాదు, లైవ్. వీధిలోంచి మొదలుపెట్టి, గేటు, డోర్ నెంబరు, మెట్లు, గది, కిటికీలోంచి బయట, కట్ చేయకుండా చూపించమనండి. ద్వారకా నగర్‌లో డోర్ నెంబర్లు ఎక్కువగా 47తో మొదలవుతాయి, పిన్‌కోడ్ 530016. అడ్రసు దీనికి పొంతన లేకుండా ఉంటే ఇంకా నాలుగు ప్రశ్నలు అడగండి. నెంబరు సరిపోయినంత మాత్రాన నమ్మేయొద్దు, అడ్రసు ఎవడైనా కాపీ కొట్టగలడు.

రెండు, పేర్లు కలపండి. కరెంటు బిల్లు మీదో, జీవీఎంసీ ఇంటి పన్ను రసీదు మీదో ఉన్న పేరు, ఫోన్లో మాట్లాడే మనిషి పేరు, యూపీఐలో కనబడే పేరు ఒకటేనా? వేరే పేరు వస్తే "మా బావమరిది ఖాతా" అనే కథ వినకండి. నిజంగా ఇంటివాళ్లదే అయితే మనిషి వచ్చాక చేతికే తీసుకుంటారు.

మూడు, ఆధార్ ఫొటో ముందే పంపకండి. అగ్రిమెంట్ రోజు ఇవ్వొచ్చు. తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కుల సర్టిఫికెట్‌తో అద్దె గదికి పని లేదు.

నాలుగు, ఇల్లు నిజమైనదే అయినా మోసం ఉండొచ్చు. ఖాళీ చేసి పోతున్న కుర్రాడు తానే ఓనర్‌నని చెప్పి ఒకే గదికి ముగ్గురి దగ్గర అడ్వాన్స్ తీసుకోవచ్చు. పక్కింట్లో, కింద కిరాణా కొట్టులో, వాచ్‌మన్ దగ్గర ఓనర్ ఎవరని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ ఆ ఐదు నిమిషాలకి ఒక మనిషి అక్కడ ఉండాలి.

అదే నా అసలు మాట. ఆ మనిషి మనమే కావాలి. మన గ్రూపులో ఏయూలో చదివేవాళ్లున్నారు, మద్దిలపాలెం, అక్కయ్యపాలెం, సీతమ్మధారలో ఉంటున్న ఉద్యోగులున్నారు. ఆదివారం ఒక గంట పెట్టలేమా? ఊళ్లో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే పిలవకపోయినా చెయ్యి వేస్తాం. పట్నంలో గది చూసిపెట్టడం కూడా అలాంటి సాయమే.

పద్ధతి మరీ కష్టమేమీ కాదు. గది కావాల్సినవాళ్లు ఏ ఏరియా, ఎంత అద్దె, ఎంతమంది, ఎప్పటికి అన్నది గ్రూపులో రాయండి. ఫోన్ నెంబర్లు పోస్టులో పెట్టకండి, అడ్మిన్‌కి ఇవ్వండి. ఇక్కడున్న ఇద్దరు వెళ్లి చూసి, అక్కడి నుంచే వాళ్లకి వీడియో కాల్ చేసి ఓనర్‌తో మాట్లాడించాలి. చెల్లెళ్ల హాస్టల్ అయితే అక్కలే వెళ్లాలి, బాత్రూమ్ తలుపు గడియతో సహా చూడాలి. దీనికి కమీషన్ ఉండకూడదు. గదికి వంద తీసుకోవడం మొదలైన రోజున మనలోంచే బ్రోకర్ పుడతాడు. ఇంకోటి, "మనవాడే కదా" అని కూడా చూడకుండా పంపొద్దు. మన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడి నమ్మించేవాడూ ఉండొచ్చు. రూల్ అందరికీ ఒకటే.

ఎదురుమాట ఒకటి వస్తుంది: మేం చూసిన గదిలో తర్వాత తేడా వస్తే నింద మా మీద పడదా అని. న్యాయమైన భయమే. అందుకే చూసొచ్చినవాళ్లు కంటికి కనబడింది మాత్రమే చెప్పాలి. తీసుకోవాలా వద్దా అన్నది గదిలో ఉండేవాళ్ల నిర్ణయం. డబ్బు మన చేతుల మీదుగా అస్సలు నడవకూడదు.

డబ్బు ఇప్పటికే పోయినవాళ్లు సిగ్గుపడి చాట్ డిలీట్ చేయకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు వాడు తీసేలోపు ఆపే అవకాశం అంత ఎక్కువ. ట్రాన్సాక్షన్ నెంబరు, స్క్రీన్‌షాట్లు, వాడి నెంబరు దగ్గర పెట్టుకోండి, బ్యాంకుకీ చెప్పండి. ఫిర్యాదుకి విశాఖ దాకా రానక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీ దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఆ తర్వాత "మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు రెండో దొంగ.

చివరిగా ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లు కాలేజీ పిల్లలకి. కోచింగ్‌కి వచ్చినవాళ్లకి వాటిలో మామూలుగా చోటు ఉండదు. నోటిఫికేషన్ వచ్చిన ఆ రెండు మూడు నెలలకైనా విశాఖలో గిరిజన అభ్యర్థులకి తాత్కాలిక వసతి చూపించమని ఐటీడీఏని గట్టిగా అడగాలి. అర్జీ రాయడానికి ఎవరు ముందుకొస్తారో చెప్పండి.

అది వచ్చేదాకా ఆగలేం. ద్వారకా నగర్ చుట్టుపక్కల ఉండి, ఆదివారాలు గది చూడటానికి వెళ్లగలిగినవాళ్లు కింద "నేనొస్తా" అని రాయండి. మొదటి పేరు నాది.

జై ఆదివాసీ.