రక్తం మనది, ల్యాబు ఎవరిది?

మలేరియా పరాన్నజీవికి ఆదివారం సెలవు లేదు. ప్లాస్మోడియం ఫాల్సిపారం మనిషి ఎర్రరక్తకణంలో దూరి, హిమోగ్లోబిన్ తిని, ఇరవై దాకా పిల్లలుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. దీనంతటికీ దానికి పట్టేది 48 గంటలే. ల్యాబులో దాన్ని బతికించాలంటే తాజా రక్తకణాలు వేస్తూ, ద్రవం మారుస్తూ ఉండాలి. 1976లో ట్రాగర్, జెన్సెన్ ఈ పద్ధతి కనిపెట్టినప్పటి నుంచి ప్రపంచమంతా ఇదే పని. 2014లో క్రిస్పర్ వచ్చాక జన్యువును కత్తిరించడం సులువైంది. అయినా, మార్చిన పరాన్నజీవి మైక్రోస్కోపులో కనిపించేంతగా పెరగడానికి వారాలు పడుతుంది. ఒక్క జన్యువు పనేమిటో తేల్చడానికి ఏడాదో, రెండేళ్లో.

ఈ కాలం లెక్క మన ఫెలోషిప్ ఇచ్చేవాళ్లకు పట్టదు. నాకు ఒకసారి ఏడు నెలలు డబ్బు రాలేదు. స్నేహితుల దగ్గర అప్పు చేసి మెస్ బిల్లు కట్టాను. పరాన్నజీవిని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచొచ్చు, మనిషిని దాచలేం కదా. ఇది నా ఒక్కడి కథ కాదు. 2025లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, ముందు 40 మందికే లేఖలిచ్చింది. మిగతా 66 మందికి నిధులుంటేనే అంది.

పీహెచ్‌డీ గట్టెక్కినా అసలు గండం తర్వాత ఉంది. ఈ రంగంలో సొంత ల్యాబు కావాలంటే పోస్ట్‌డాక్‌గా మూడు నాలుగేళ్లు, చాలామందికి అంతకన్నా ఎక్కువ, పనిచేయాలి. అది తాత్కాలిక ఉద్యోగం. ప్రాజెక్టు డబ్బుతో తీసుకునే చోట ఎవరిని తీసుకోవాలో ఎక్కువగా ల్యాబు పెద్దే తేలుస్తారు. సిఫారసు ఉత్తరం, గైడ్ పరిచయాలు, విదేశీ ల్యాబుకు వెళ్లేముందు వీసాకూ విమానానికీ చేతిలో డబ్బు: ఇవన్నీ ఎవరి ఇళ్లలో ఉంటాయో చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ గురించి మనం మాట్లాడేది అడ్మిషన్ల దగ్గర, లెక్చరర్ పోస్టుల దగ్గర. ఈ రెంటి మధ్య మనవాళ్లు ఎంతమంది జారిపోతున్నారో అడిగేవాళ్లు తక్కువ.

జారకుండా అవతలికి చేరినవాళ్లకు చట్టమే అడ్డం. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కోసం 2019లో చేసిన చట్టం, తన షెడ్యూల్లో చేర్చిన కొన్ని ‘ఉత్కృష్ట’ సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. ముంబైలోని టీఐఎఫ్ఆర్, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఆ జాబితాలో ఉన్నాయి. దేశంలో మలేరియా పరాన్నజీవి మీద లోతైన పని జరిగిన చోట్లలో ఈ రెండూ ఉన్నాయి. ఉత్కృష్టతకు మనం అడ్డమని చట్టంలో రాసుకున్నారన్నమాట.

ఇందులో ఉద్యోగాలు పోవడం ఒక్కటే నష్టం కాదు. ఏ ప్రశ్న అడగాలో తేల్చేది ల్యాబు పెద్ద. ఫాల్సిపారాన్ని ల్యాబులో పెంచొచ్చు కాబట్టి దాని జన్యువుల గురించి మనకు బోలెడు తెలుసు. 2002లోనే దాని మొత్తం జన్యుక్రమం అచ్చయింది. మన దేశంలో కేసుల్లో పెద్ద భాగం వైవాక్స్‌ది. అది లేత ఎర్రకణాల్లోనే దూరుతుంది, ల్యాబులో ఎడతెగకుండా పెంచే దారి ఇంకా దొరకలేదు. అందుకే రోగుల నుంచి నేరుగా రక్తం తీసుకోవాలి. ఆ రోగుల్లో చాలామంది ఏజెన్సీ ఆదివాసీలు, వలస కూలీలు.

వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది. దాన్ని చంపడానికి 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి. జీ6పీడీ ఎంజైము లోపమున్నవాళ్లకు ఆ మాత్రే ఎర్రకణాలను పగలగొడుతుంది. ఈ లోపం కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఎక్కువ. మాత్ర ఇచ్చేముందు ఆ పరీక్ష పాడేరు కొండల్లో ఎంతమందికి అందుతోంది? 2027 నాటికి స్థానిక మలేరియా సున్నా కావాలని జాతీయ ప్రణాళిక రాసుకున్న దేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నాకనిపిస్తుంది. పేరున్న జర్నల్లో పేపరుకు పనికొచ్చే ప్రశ్న మాత్రం కాదు.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది, బేగంపేటలో ఆయన పేరిట భవనం ఉంది. హుసేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

విద్యార్థి సంఘాలు ఈ ఏడాది ఒక్క పని పెట్టుకోవచ్చు. మలేరియా మీద ప్రజాధనంతో నడిచే ప్రతి ప్రాజెక్టులో పోస్ట్‌డాక్‌లు ఎంతమంది, వాళ్లలో ఎస్సీ ఎస్టీలు ఎంతమంది, పోస్టు ప్రకటన ఎన్ని రోజులు తెరిచి ఉంచారు అని సమాచార హక్కు కింద అడగాలి. ‘అలాంటి వివరాలు మా వద్ద లేవు’ అని జవాబొస్తే, దాన్నే కాపీ తీసి పార్లమెంటు సభ్యులకు పంపాలి.