చారిత్రక నవలలు: చారుల యేలుబడి

మన భాషలో చారిత్రక నవల పుట్టి నూటపాతికేండ్లు దాటినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి హేమలత 1896లో వెలువడినది మొదలు నేటివరకు ఈ శాఖను పాఠకలోకము విడిచిపెట్టినది లేదు. పద్యకావ్యములు అటకలెక్కిన యిండ్లలో సైతము రాజులు, రాణులు, కోటలు, కత్తులు గల నవల యొక్కటి చేతులు మారుచునే యుండును. ఇందులకు మేము విచారింపము. చరిత్రపాఠమనగానే ఆవులించు బాలుడు అదే చరిత్రను నవలగా చేతికిచ్చినచో అన్నము మాని చదువును. ఇంతటి బలముగల సాధనము గావుననే దానిని గూర్చి కొంత కటువుగా పలుకవలసి వచ్చినది. మా ఆక్షేపణ నవలపై గాదు. నవలను ఆక్రమించి కూర్చున్న గూఢచారిపై.

ఈ జాతి గ్రంథములను పదింటిని వరుసగా చదివినవారికి మేము చెప్పబోవునది క్రొత్తగాదు. మొదటి ప్రకరణమున అర్ధరాత్రము, జడివాన, ముసుగు వేసికొన్న రౌతు. రెండవ ప్రకరణమున సత్రములో ఒక బైరాగి. మూడవదానిలో వాని జడలూడి లోపలినుండి యొక యువకుడు బయటపడును. ఆపైన సొరంగము, ముద్రటుంగరము, విషము కలిపిన తాంబూలము, మగవేషము ధరించిన రాకుమారి. కథకు ముడిపడవలసినప్పుడెల్ల తెరచాటున ఎవడో పొంచి వినును. ముడి విడవలసినప్పుడెల్ల వాడే వచ్చి విన్నవించును. రాజ్యమేల నిలిచినది? మన చారుడు గట్టివాడు. ఏల కూలినది? ఒక ద్రోహి తలుపు తీసినాడు. రైతు ఏమి పండించెను, శిస్తెంత కట్టెను, భటునకు జీతము ముట్టెనా లేదా, చెరువునకు గండిపడిన యేట ప్రభువేమి చేసెను అను ప్రశ్నలకు ఆ మూడువందల పుటలలో తావు లేదు.

చారులు లేని రాజ్యము గలదా యని కొందరడుగుదురు. లేదు. రాజులు చారచక్షువులని పెద్దలు చెప్పనే చెప్పిరి. మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమును విప్పిచూచినచో మొదటి యధికరణముననే గూఢపురుషుల పట్టిక కనబడును. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతి, వైదేహకుడు, తాపసుడు, సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి అని యెవరి పని వారికి పంచి పెట్టినాడు. అయితే ఆ పట్టిక ప్రక్కనే యొక కట్టడి గూడ గలదు: ఒకరినొకరెరుగని మువ్వురు చారులు ఒక్కమాట చెప్పిననే గాని నమ్మరాదు, మాటిమాటికి తప్పు వార్త తెచ్చువానిని రహస్యముగా శిక్షింపవలయును. అనగా కౌటిల్యుడే తన చారుని నమ్మలేదు. మన నవలాకారుడో, ఒక్క చారుడు చెవిలో ఊదిన మాటపై సామ్రాజ్యమును నిలుపును, కూల్చును.

మన ప్రాచీన కవులు చారులను ఎట్లు వాడిరో చూడుడు. విశాఖదత్తుని ముద్రారాక్షసము మొదటినుండి చివరివరకు కపటనాటకమే. యమపటము చేతబట్టిన నిపుణకుడు, పాములవాని వేషమున విరాధగుప్తుడు, క్షపణకుడైన జీవసిద్ధి, కూటలేఖ, విషకన్య, ఏదియు తక్కువ లేదు. అయినను ఆ నాటకము దేనివలన ముగిసినది? రాక్షసుని కుటుంబమును అప్పగింపనని వధ్యస్థానమునకు నడచిన చందనదాసుని స్నేహమువలన. చాణక్యుని చారులందరు కలిసి రాక్షసుని ఓడింపలేదు. మిత్రుని ప్రాణము కాపాడదలచి రాక్షసుడే వచ్చి లోబడినాడు. కపటము ఎంతవరకు పోగలదో, ఎచ్చట ఆగిపోవునో ఆ కవికి తెలియును.

భారవి కిరాతార్జునీయము చారుని వార్తతోనే మొదలగును. బ్రహ్మచారివేషమున హస్తినాపురమునకు పోయివచ్చిన వనచరుడు ధర్మరాజునకేమి చెప్పెను? అంతఃపుర సొరంగమును గూర్చి చెప్పలేదు. కురుభూములు వానపై నాధారపడక పండుచున్నవనియు, కర్షకులు సుఖముగా నున్నారనియు, సేవకులకు మన్నన దక్కుచున్నదనియు చెప్పెను. శత్రువు బలము పొలములో నున్నదని ఎరిగినవాడు ఆ చారుడు. ఇక భవభూతి దుర్ముఖుడు లోకాపవాదమును రామునకు చెప్పవలసివచ్చి కుమిలిపోవును. చేరవేసిన మాట యొక యిల్లాలిని అడవుల పాలుచేయునని తెలిసిన దుఃఖము వానిది. ఈ మువ్వురి చారులు మనుష్యులు. నేటి నవలలోని చారుడు తాళపుచెవి; ఏ తలుపైనను తీయును, వానికి మాత్రము ఇల్లు లేదు, ఆకలి లేదు, మనస్సు లేదు.

ఈ సరకు మనకెక్కడినుండి వచ్చినదో విచారించినచో మరియొక సంగతి బయటపడును. తొలితరమువారు కథలకై టాడు దొర రాజస్థానమును ఆశ్రయించిరి. చిలకమర్తివారి రాజస్థాన కథావళి దానినుండి పుట్టినదే. 1829, 1832లలో రెండు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథమును వ్రాసినవాడు కుంపిణీవారి రాజకీయ ప్రతినిధి; సంస్థానముల గుట్టుమట్టులను సేకరించుట ఆయన కొలువు. నైజాము కొలువులోనుండి ఠగ్గుల కథతో 1839లో ఆంగ్లేయ పాఠకులను వెరపించిన మెడోస్ టేలరు సైతము అట్టి యధికారియే. మన దేశపు రాజులను అంతఃకలహముల పాలైనవారిగను, మన ప్రజలను వేషధారులుగను చూపుట వారికి అవసరమై యుండవచ్చును. ఆ కంటితో మనలను మనము చూచుకొనుటకు మనకేమి యక్కర?

గోలకొండను గైకొందము. 1687 సెప్టెంబరులో అబ్దుల్లాఖాను లంచము తిని కోటతలుపు తీయించెననుట సత్యమే. మన నవలాకారుల కలములకు ఆ రాత్రి చాలును. కాని ఎనిమిది మాసములు ముట్టడికి నిలిచిన కోట అది. 1636లోనే కుతుబ్‌షాహీలు మొగలులకు లోబడి కప్పము చెల్లింప నొప్పుకొనిరి. ఆపైన మీర్‌జుంలా వంటి మంత్రి మొగలుల కొలువునకు తరలిపోయెను. అక్కన్న మాదన్నలు హతులైరి. అర్ధశతాబ్దము పాటు లోలోన పుచ్చిన చెట్టు పడినది గాని ఒక్క గొడ్డలివ్రేటుకు గాదు. మరియొకటి. తలుపు తీయించిన అబ్దుల్లాఖాను ముసల్మాను; తానీషాకై ఒడలెల్ల గాయములు పడి నేలకొరిగినదాక పోరాడిన అబ్దుర్‌రజాక్ లారీయు ముసల్మానే. మొదటివాడు మన నవలలకు నిత్యాతిథి. రెండవవాని పేరు మా విద్యార్థులలో నూటికొక్కడైన నెరుగడు.

ఇచ్చటనే మా అసలు బాధ గలదు. పెద్దకొడప్‌గల్ సరిహద్దు ప్రాంతము. ఒక దిక్కున మరాఠీ, ఒక దిక్కున కన్నడము, నడుమ తెలుగు. అంగడిలో ఉర్దూ, తండాలలో లంబాడీ. మా తరగతిలో ఒక బల్లపై కూర్చున్న నలుగురు బాలురు నాలుగు భాషల యిండ్లనుండి వచ్చినవారు. వీరు విరామవేళ కోట యాట యాడుదురు. అందు రాజెవ్వడు, సేనాని యెవ్వడు అని తగవులాడుకొందురు గాని ద్రోహి యెవ్వడని తగవుండదు. ఆ వేషము ఎవరి యింటి పిల్లవానికి పోవలయునో వారికి ముందే తెలియును. ఈ పంపకమును వారికి మేము నేర్పలేదు. వారు చదివిన కథ నేర్పినది, చూచిన చలనచిత్రము నేర్పినది. అన్యభాషవాడు, అన్యమతస్థుడు వచ్చిన వెంటనే వాని వేషము క్రింద మరియొకడున్నాడని అనుమానింప నేర్పిన గ్రంథము వినోదగ్రంథము గాదు. వాడు పెద్దవాడై పొరుగువానిని చూచునప్పుడు ఆ చూపు వానితోనే యుండును.

ఇంతకును కుట్రల కథయే కావలెనన్న, మాకు పొరుగుననే కౌలాసు కోట గలదు. 1350 ప్రాంతమున కాపయనాయకుని యొద్దనుండి బహమనీ సుల్తాను కైవసము చేసికొన్న కోట అది. ఆ కాపయయే అంతకు కొలది యేండ్లకు పూర్వము తుగ్లకుపై తిరుగుబాటున ఆ సుల్తానునకు తోడుపడినవాడు. ఐదువందల యేండ్ల తరువాత 1857 తిరుగుబాటు కాలమున రంగారావు అను పట్వారీ ఉత్తరదేశమునకు పోయి నానాసాహెబు పక్షపు లేఖతో మరలివచ్చెను. కౌలాసు రాజు దీప్‌సింగు, సఫ్దరుద్దౌలా అను ముసల్మాను ప్రభువు, ఆ పట్వారీ కలిసి తిరుగుబాటు యత్నించిరి. 1859లో గుట్టు రట్టయినది. రంగారావునకు ద్వీపాంతరవాసము, అండమానులలోనే మరణించెను. దీప్‌సింగునకు కారాగారము, జాగీరు జప్తు. లేఖలున్నవి, దూరప్రయాణమున్నది, కోటయున్నది. అన్నిటికంటె మిన్నగా, బ్రాహ్మణ పట్వారీని, రాజపుత్రుని, ముసల్మానును ఒక్కత్రాటిపై నిలిపిన దేదియో ఆ కథలోనున్నది. లెక్కలు వ్రాసికొను ఒక పట్వారీ ప్రాణమునకు తెగించి అంతదూరమేల పోయెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువాడు చారిత్రక నవలాకారుడు. మా విద్యార్థులు సెలవుదినమున కౌలాసు కోటకు పోయి ఫోటోలు దిగి వత్తురు. దీప్‌సింగు పేరు వినినవాడు వారిలో లేడు. చిత్తూరు పద్మిని కథ మాత్రము అందరికి కంఠస్థము.

నవల చరిత్ర గాదు, కల్పనకు స్వేచ్ఛ లేదా అని ఆక్షేపించువారుందురు. గలదు. అడివి బాపిరాజుగారి గన్నారెడ్డి గజదొంగ. శాసనములలోని గోన గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు. 2015లో చలనచిత్రము వచ్చిన పిమ్మట మొదటివాడే జనుల మనస్సులలో నిలిచినాడు. దీనికి మేము బాపిరాజుగారిని తప్పుపట్టము. ఆయన కాకతీయుల నాటి బ్రతుకును చిత్రకారుని కన్నులతో చూచి వ్రాసినవాడు; హిమబిందులో విషకన్యను సైతము ఆయుధముగా గాక ఆడుబిడ్డగా భావించినవాడు. నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవి, మల్లారెడ్డి వ్రాయుటకు శాసనములను, కావ్యములను శోధించినవారు. మా తగవు వీరితో గాదు. వీరి యలంకారములను ఎత్తుకొని వీరి పరిశ్రమను విడిచిపెట్టినవారితో. కల్పన తెలియనిచోట నింపుటకు గాని తెలిసినదానిని చెరుపుటకు గాదు.

వట్టి వినోదమునకై చదువుదుము, ఇంత విచారణయేల యని మరికొందరందురు. వినోదమని యిచ్చినంతనే విషము పాలగునా? ఆయాసపడి చదివిన పాఠము పరీక్ష ముగియగనే మరపునకు వచ్చును. ఆనందముతో చదివిన కథ ముసలితనము దాక నిలుచును. ఆ కారణముననే కథకుని బాధ్యత ఉపాధ్యాయుని బాధ్యతకంటె పెద్దది.

1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు చరిత్రగ్రంథములను, నవలలను ఒక్క మాలలోనే గ్రుచ్చిరి. నవలలకు పందెములు పెట్టి బహుమతులిచ్చిరి. చరిత్ర వ్రాయువాడును నవల వ్రాయువాడును ఒక్క యింటివారని వారి తలంపు. ఆ యిల్లు మరల కట్టవలయును. నవల వ్రాయదలచినవారు మొదట సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను చదువవలయును. 1949లో వెలువడిన ఆ పొత్తమున మన పూర్వుల తిండి, బట్ట, పంట, పన్ను, ఆట, పాట అన్నియు గలవు; సొరంగములు మాత్రము లేవు. ప్రకాశకులు ప్రతి చారిత్రక నవల తుదను ఏది చరిత్రయో, ఏది కల్పనయో తెలుపు రెండు పుటలు చేర్పవలయును. ఉపాధ్యాయులు నవలను చేతినుండి లాగికొనక, బాలుని చేత ఆ రెండు పుటలు గూడ చదివింపవలయును.

పాఠకులను మేము కోరునది ఒక్కటి. ఇకమీదట నవలలో బైరాగి జడలు ఊడిన ఘట్టము వచ్చినప్పుడు ఒక్కక్షణమాగి, ఈ రాజ్యములో పొలము దున్నినవాడెవ్వడు, వానికేమి మిగిలినది అని గ్రంథకర్తను అడుగుడు. బదులు రానిచో పొత్తము మూసి, మరియొకటి తెరువుడు.