పామాయిల్ గెల ధర ఎక్కడ తేలుతోంది?

పామాయిల్ గెల ధర అశ్వారావుపేటలోనో పెదవేగిలోనో తేలేది కాదు. ముడినూనె విదేశీ రేటులో, దానిమీద ఢిల్లీ వేసే దిగుమతి సుంకంలో తేలుతుంది.

2009 ఆగస్టులో ‘ఆసియాన్’ కూటమితో మన ప్రభుత్వం సరుకుల వ్యాపార ఒప్పందం చేసుకుంది. 2010 జనవరి నుంచి అమలు. ముడి పామాయిల్‌పై సుంకాన్ని అంచెలంచెలుగా 37.5 శాతానికి దించుతామని అందులో ఒప్పుకుంది. మనకు నూనె అమ్మే ఇండోనేషియా, మలేషియా ఆ కూటమిలోవే.

అయితే తప్పంతా ఒప్పందానిదేనా? కాదు. అది గీసిన గీత 37.5 అయితే, ఢిల్లీ తనంత తానే ఇంకా కిందికి దిగింది. 2024 సెప్టెంబరులో ముడినూనెల మూల సుంకం సున్నా నుంచి 20 శాతం చేసింది. 2025 మే నెలాఖరున 10కి కోసేసింది. ఎవరు బలవంతపెట్టారని? పట్నంలో నూనె మండితే కోత పడేది రైతు మీదే!

మిరప కాకపోతే మరుసటేడు మరొకటి వేసుకోవచ్చు. పామాయిల్ నాటితే నాలుగో ఏడుకి గానీ గెల చేతికి రాదు, తోట పాతికేళ్లుంటుంది. తొమ్మిది నెలలు నిలవని సుంకాన్ని నమ్మి అంత పంట వేయమంటున్నారు, సబ్సిడీ ఇచ్చి మరీ.

2021 ఆగస్టులో ప్రకటించిన జాతీయ పామాయిల్ పథకంలో రైతుకు ధర హామీ మాట ఉంది. సుంకం తగ్గించిన ప్రతిసారీ గెలకు తగ్గిన రేటును ఆ పద్దు కిందే రైతుకు కట్టివ్వాలి. జిల్లాల్లో రైతు సంఘాలు పట్టుబట్టి అడగాల్సింది ముందు ఇదే.