గర్భసంచి మీద నింద

హిస్టీరియా అనే పేరు ఇప్పుడు వైద్యుల జాబితాలో లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లోనే దాన్ని తీసేసింది. మన దగ్గర మాత్రం ఆ మాట ఇంకా బతికే ఉంది. ఆడపిల్ల ఉన్నట్టుండి పడిపోతే ఇంట్లో ‘గాలి సోకింది’ అంటారు. ఆస్పత్రికి తెస్తే చీటీ మీద ‘హెచ్‌సీఆర్’ అని పడుతుంది. హిస్టీరికల్ కన్వర్షన్ రియాక్షన్ అనేదానికి మా డాక్టర్ల పొట్టిపేరు అది. ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు పడ్డాక చాలాసార్లు ఆమెను ఇంకెవరూ సరిగా పరీక్షించరు. ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టి, లేచి కూర్చోగానే ఇంటికి పంపేస్తారు.

గ్రీకు భాషలో ‘హిస్టెరా’ అంటే గర్భసంచి. హిస్టీరియా అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆడవాళ్ల కంటి నొప్పికీ, మెడ నొప్పికీ కూడా గర్భసంచే కారణమని దాదాపు 3,800 ఏళ్ల కిందటి ఈజిప్టు పత్రాల్లో రాసి ఉంది. అది ఒంట్లో కుదురుగా ఉండని జంతువని ప్లేటో రాశాడు. మగవాళ్లకూ ఇదే బాధ వస్తుందని 17వ శతాబ్దంలో లండన్ వైద్యుడు సిడెన్‌హామ్, 19వ శతాబ్దంలో పారిస్ వైద్యుడు షార్కో చెప్పారు. అయినా నింద గర్భసంచి మీద నుంచి పోలేదు. ఆ షార్కోనే ఆడవాళ్లకు ఫిట్స్ ఆపడానికి అండాశయాల దగ్గర పొట్టను అదిమేవాడు.

తర్వాత కత్తి వచ్చింది. 1872లో అమెరికాలోని జార్జియాలో రాబర్ట్ బ్యాటీ అనే సర్జన్ జబ్బు లేని అండాశయాలను తీసేయడం మొదలుపెట్టాడు. నెలసరి బాధలు, మూర్ఛలు, నరాల తిప్పలు అన్నీ పోతాయని ఆయన నమ్మకం. ఆ ఆపరేషన్ ఆయన పేరుతోనే యూరప్‌కూ పాకింది.

ఇదంతా ఎక్కడో జరిగిన పాతకథ అనుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తర్వాతి సర్వేలోనూ మన స్థానం పెద్దగా మారలేదు. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే రెండున్నర రెట్లు చెడిపోతాయా? నేను నమ్మను.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్ అంటే భూమి అమ్ముకోవాల్సిన కుటుంబాలను అది నిలబెట్టింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ దాని కింద ప్రైవేటులో గర్భసంచి ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, తర్వాత ప్రభుత్వమే వాటిని సర్కారు ఆస్పత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అనవసర ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లోకి తేవాలని ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో డీఎంహెచ్‌ఓ ఆఫీసులో మీరు అడగొచ్చు.

తప్పు సర్జన్లది ఒక్కటే కాదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత తెల్లబట్ట, నడుము నొప్పి, ఎక్కువ బ్లీడింగ్ ఏది వచ్చినా ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక సంచి ఎందుకు’ అని ఇంట్లోవాళ్లే అంటారు. ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అని స్కానింగ్ చూసినవాళ్లు భయపెడతారు. క్యాన్సర్, పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, బాగా కిందికి జారిన సంచి ఉంటే ఆపరేషన్ కావాల్సిందే. తెల్లబట్టకు మాత్రం మందులు చాలు. ఎక్కువ బ్లీడింగ్‌కు కూడా మాత్రలు, హార్మోన్ లూప్ లాంటి దారులు ఉన్నాయి.

నేను ఫిజీషియన్‌ని. ఈ ఆడవాళ్లు ఆపరేషన్ అయ్యాకే నా దగ్గరికి వస్తారు. చాలామందికి సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసి ఉంటారు. ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లు అయిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రంతా నిద్ర లేకపోవడం, గుండె దడ, ఊరికే ఏడుపు. ఇన్నేళ్ల ముందే హార్మోన్ ఆగిపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పూ పెరుగుతుంది. ఈసీజీ మాత్రం నార్మల్ వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘ఏం లేదమ్మా, హిస్టీరియా’ అంటారు. సంచి ఉన్నప్పుడు పడిన నింద, సంచి తీసేశాక కూడా పోదు!

మరి మనసుకు ఇందులో పాత్రే లేదా అంటే, ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మనది. వేరుశనగ ఎండిపోతే మగవాళ్లు బెంగళూరుకు వలస వెళ్తారు, గడప ముందుకు వచ్చే అప్పులవాళ్లకు జవాబు చెప్పేది ఇంట్లో ఉన్న ఆడమనిషి. అలాంటప్పుడు కాలు చచ్చుబడినట్టు అవడం, మాట పడిపోవడం, ఫిట్స్‌లాంటివి రావడం నిజంగానే జరుగుతాయి. వీటిని ఇప్పుడు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నాం. మెదడు పనితీరులో వచ్చే తేడా ఇది, నటన కాదు. మగవాళ్లకూ వస్తుంది. వివరంగా చెప్పి, ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ ఇస్తే చాలామంది మెరుగవుతారు. అమ్మోనియాతో నయమయ్యేది కాదు.

అయితే ఆ ముద్ర వేసే ముందు చూడాల్సింది చూడాలి. 1965లో ఎలియట్ స్లేటర్ అనే లండన్ సైకియాట్రిస్టు, హిస్టీరియా అని తేల్చిన 85 మందిని కొన్నేళ్ల తర్వాత వెతికి చూశాడు. చాలామందిలో అసలు జబ్బు వేరే బయటపడింది. పరీక్షలు మెరుగయ్యాక అలాంటి పొరపాట్లు బాగా తగ్గాయి, కానీ పరీక్షించినప్పుడే ఆ మాట నిజం. 2007లో జోసెప్ దల్మావ్ బృందం కొత్తగా ఒక మెదడువాపును గుర్తించింది. అందులో మామూలుగా ఉన్న అమ్మాయి కొద్దిరోజుల్లో పిచ్చిగా మాట్లాడుతుంది, ఫిట్స్ వస్తాయి. మొదట మానసిక జబ్బు అనుకుంటారు. చాలామందిలో దానికి మూలం అండాశయంలోని చిన్న గడ్డ. అది తీసి, మందులు వాడితే ఎక్కువమంది కోలుకుంటారు.

మన దగ్గర కారణాలు ఇంకా మామూలువి. రాష్ట్రంలో దాదాపు 59 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఎండల్లో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, షుగర్, కాల్షియం పడిపోయినా, థైరాయిడ్, మూర్ఛ ఉన్నా మనిషి పడిపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫోన్‌లో వీడియో తీయండి. ఫిట్స్ సమయంలో కళ్లు తెరుచుకున్నాయా, మూసుకున్నాయా అన్నది మాకు పెద్ద ఆధారం. మామూలు మూర్ఛలో సాధారణంగా తెరిచే ఉంటాయి. పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం, కాల్షియం, థైరాయిడ్, ఈసీజీ చూశారా అని అడగండి. గర్భసంచి తీయాలని చెబితే, ప్రాణాపాయం లేనప్పుడు ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి, అండాశయాలు ఉంచుతారా లేదా అన్నది ముందే రాయించుకోండి. డిశ్చార్జి చీటీలో అవి తీశారో లేదో చూసి, ఆ కాగితం దాచిపెట్టండి. మనసు బాగాలేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.