పోషించేది ఎవరు?

పెంచడం, సాకడం, పోషించడం. నిఘంటువులో ఇవి పర్యాయపదాలు. తెలంగాణ పల్లెల్లో ‘సాదుడు’ అన్నా అదే అర్థం. కానీ ఇళ్ళలో, పంచాయితీల్లో, కోర్టుల్లో ఇవి ఒకటి కావు. ఇంట్లో ఆడ మగ మధ్య పని విభజన ఎలా జరిగిందో ఈ మాటల మధ్యా అలాగే జరిగింది. పిల్లల్ని పెంచేది, సాకేది తల్లి. సంసారాన్ని పోషించేది మాత్రం తండ్రి. పెంచినామెకు మహా అయితే కాస్త మెచ్చుకోలు దక్కుతుంది. పోషించినవాడికి ఇంటిమీద, పిల్లలమీద, ఆమెమీద కూడా అధికారం దక్కుతుంది. ఈ తేడా ఏదో సహజంగా వచ్చినట్టు మనం కూడా అవే మాటలు వాడుతున్నాం. నా అభ్యంతరం దానిమీదే.

మహిళా సంఘం తరఫున భార్యాభర్తల తగాదాల్లో కూర్చున్న వాళ్ళందరం విన్న మాట ఒకటుంది: “ఇన్నేళ్ళూ కూర్చోబెట్టి మేపాను.” మేపడం పశువులకు వాడే మాట. సరే, ఆ మేతని వండింది ఎవరు? నీళ్ళు మోసింది, అంట్లు తోమింది, అతని తల్లి మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు? కూర్చున్నదెప్పుడు ఆమె? అదే పెద్దమనిషి, కొడుకు దారి తప్పితే మాత్రం “అంతా నీ పెంపకం” అంటాడు. పెంపకం తల్లిదని గుర్తొచ్చేది తప్పు జరిగినప్పుడే. కొడుకు ఉద్యోగస్తుడైతే అతను ఫలానా ఆయన కొడుకు. ఇక ఆడపిల్లను పెంచడమంటే పొరుగింటి మొక్కకు నీళ్ళు పోయడమేనని సామెత. అంటే ఆమెను పెంచడం ఖర్చు, ఆమె పెంచడం లెక్కలోకే రాదు.

భర్త, భార్య అన్న మాటలు చూడండి. రెండూ ‘భృ’ అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి. భర్త అంటే భరించేవాడు. భార్య అంటే భరింపబడవలసినది. ‘భరణం’ కూడా అక్కడిదే. కాబట్టే ఒక స్త్రీ భరణం అడిగితే తనకు రావలసిన బాకీ అడిగినట్టు కాక, దానం అడిగినట్టు చూస్తారు.

“మాటల్లో ఏముంది, ముందు చట్టాలు మారాలి” అని కొందరు మిత్రులు అంటారు. చట్టాలను రాసేది మాటలతోనే కదా! 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ప్రకారం భరణానికి అర్హురాలు ‘తనను తాను పోషించుకోలేని’ భార్య. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ అవే మాటలు. ఇరవై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన మనిషి, తనను తాను పోషించుకోలేనని ప్రమాణం చేస్తే తప్ప కోర్టు గడప దాటలేదు.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఇంకా స్పష్టంగా చెబుతుంది. అయిదేళ్ళు నిండేదాకా బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలట. సహజ సంరక్షకుడు మాత్రం తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి. చాకిరీ ఒకరిది, సంతకం ఇంకొకరిది. ఈ వరుసమీద రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకనే కాదు, అతను పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో కోర్టు అర్థం చెప్పింది. మంచిదే. కానీ వరుస మారలేదు. తండ్రి ఉండి, పట్టించుకుంటూ ఉంటే తల్లి ఇప్పటికీ రెండో మనిషే.

“తల్లి ప్రేమకి వెల కడతారా?” అనేది ఇంకో వాదన. కడుతూనే ఉన్నారు, కాకపోతే ఆమె చనిపోయాక! 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయినవారి నష్టపరిహారం కేసులో, 34 నుంచి 59 ఏళ్ళ లోపు గృహిణుల సేవల విలువ నెలకు 3,000 రూపాయలని సుప్రీంకోర్టు 2001లో లెక్కకట్టింది. జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయని వాళ్ళ కింద రాయడాన్ని 2010లో అదే కోర్టు తప్పుపట్టింది. పోయిన మనిషికి కట్టిన వెల బతికున్న మనిషికి ఎందుకు కట్టరు? మనం ప్రేమకి ధర అడగడం లేదు. శ్రమకి లెక్క అడుగుతున్నాం. 2024లో ప్రభుత్వమే జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఇంట్లోవాళ్ళను చూసుకునే పనికి ఆడవాళ్ళు 137 నిమిషాలు, మగవాళ్ళు 75 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

ఇంట్లో వెల లేని పనికి బయట మాత్రం విలువ ఎందుకుంటుంది? 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఊరూరా పిల్లల్ని సాకే పనిని స్త్రీలకు అప్పగించింది. 2018లో కేంద్రం ‘పోషణ్ అభియాన్’ పెట్టింది. పేరులో పోషణ ఉంది. ఆ పోషణ చేసే అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు ఇచ్చేది మాత్రం జీతం కాదు, ‘గౌరవ వేతనం’! కన్నతల్లిలాంటి పని కాబట్టి గౌరవంతో సరిపెట్టుకోవాలి కాబోలు. పిల్లల్ని పెంచేవాళ్ళు జీతం పెంచమని అడిగితే ఏమైంది? 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. 42 రోజులు నిలబడ్డారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. అప్పటిదాకా సేవకురాళ్ళన్న వాళ్ళే సమ్మె చేయగానే అత్యవసర సర్వీసు అయిపోయారు! అంత అత్యవసరమైన పనికి కనీస వేతనం ఎందుకు వర్తించదు? అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు చెప్పడానికి కూడా ఏళ్ళ తరబడి కొట్లాడవలసి వచ్చింది.

కాబట్టి పోషించడమంటే డబ్బు తేవడమేనన్న అర్థాన్ని మనం ఒప్పుకోకూడదు. ముందు మన కాగితాల్లోంచే ఆ అర్థం పోవాలి. సర్వే ఫారంలో ‘పనిలేదు, గృహిణి’ అని రాయడం మానేద్దాం. ఆమె ఎన్ని గంటలు ఏ పని చేస్తోందో రాద్దాం. భరణం పిటిషన్‌లో చట్టం అడిగిన మాట ఎలాగూ రాయాలి. దాని పక్కనే, ఆమె ఎన్నేళ్ళు ఆ ఇంటిని పోషించిందో, దానికోసం ఏ చదువు, ఏ ఉద్యోగం వదులుకుందో కూడా రాయించాలి. రజనేష్-నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు మనకు ఆధారం. కుటుంబంకోసం, పిల్లల్ని పెంచడంకోసం ఉద్యోగం వదులుకోవడాన్ని భరణం నిర్ణయించేటప్పుడు చూడాలని, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం ఇవ్వాలని అందులో ఉంది. మన లాయర్లకు ఆ తీర్పు గుర్తుచేయవలసిన బాధ్యత మనదే.

అక్కడితో ఆగకూడదు. పెళ్ళి తర్వాత కూడబెట్టిన ఆస్తిలో సగం భార్యదని చట్టం రావాలి. పిల్లలకు తల్లీ తండ్రీ సమానంగా సహజ సంరక్షకులని చట్టంలో రాయాలి. అంగన్‌వాడీలను ఉద్యోగులుగా గుర్తించి వేతనమివ్వాలి. ఇవి మూడు వేర్వేరు ఉద్యమాల కోర్కెలుగా కనిపిస్తాయి. కానీ మూడూ అడిగేది ఒకటే: పెంచినవాళ్ళు కూడా పోషించినవాళ్ళేనని ఒప్పుకోమని.